ఏ బీచ్? ఏ గంటకి?

(ల్యాండ్‌స్కేప్ ఫొటోగ్రఫీ మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. లైట్లు అప్పుడే తీసేయకండి, స్లైడ్లు తర్వాత చూద్దాం. చీకట్లో మాట్లాడితే నాకే నిద్రొస్తుంది.

నేను సముద్రం ఫొటోలు తీస్తానని తెలిసినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే. "ఫొటోలకి మంచి బీచ్ ఏదండీ?" పేరు చెప్తే చాలు, రాసుకుని వెళ్ళిపోతారు. వెళ్ళొచ్చాక ఫోన్ చేసి, "మీరు చెప్పినంత ఏమీ లేదండీ అక్కడ" అంటారు. తప్పు వాళ్ళది కాదు, నాదే. పేరు చెప్పాను గానీ గంట చెప్పలేదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. కొత్తగా కెమెరా కొన్న రోజుల్లో, అందరూ అద్భుతం అన్న ఒక బీచ్‌కి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళాను. తెల్లటి మెత్తటి ఇసుక, నిలకడైన నీళ్ళు. ఈత కొట్టేవాళ్ళకి స్వర్గమే. తెల్లవారుజామునుంచి ఎండెక్కేదాకా కార్డు నిండా తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నీ ఒకటే ఫొటో. కింద ఇసుక చార, మధ్యలో నీళ్ళ చార, పైన ఆకాశం చార. మూడు రంగుల గుడ్డ ఆరేసినట్టుంది. (నవ్వులు) అక్కడ నిలబడ్డప్పుడు గాలి ఉంది, హోరు ఉంది, కాళ్ళ కింద ఇసుక జారిపోతున్న గిలిగింత ఉంది. అవేవీ ఫొటోలోకి రాలేదు. రావు కూడా.

ఆ రోజు నాకు అర్థం కాలేదు గానీ తర్వాత తెలిసింది. స్నానానికి మంచి బీచ్ చాలాసార్లు ఫొటోకి చప్పగా ఉంటుంది. స్నానానికి ఏది అడ్డమో, అంటే బండలు, గుంటలు, విరిగిన కొండచరియలు, చెల్లాచెదురుగా పడిన రాళ్ళు, అవే మనకి కావాలి. ఫొటోలో కన్ను ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. అందుకే నేను బీచ్ వెతికేటప్పుడు ముందు ఇసుక చూడను, రాయి చూస్తాను.

రాయి గురించి కాస్త చెప్పనివ్వండి, ఇది నాకిష్టమైన భాగం.

నేల సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన చోటుని గమనించండి. అలలు లోతు తగ్గేకొద్దీ వంగుతాయి, వంగి ఆ ముక్కు మీదికే రెండు పక్కలనుంచీ చుట్టుకొస్తాయి. దెబ్బంతా దానికే. రాతిలో ఎక్కడ పగులుంటే అక్కడ తొలుస్తాయి. పగులు గుహ అవుతుంది. గుహ అవతలి పక్కకి చిల్లు పడితే అది తోరణం. తోరణం పైకప్పు కూలితే నీళ్ళలో ఒంటరిగా ఒక స్తంభం మిగులుతుంది. చివరికి అదీ కూలి, పోటు వేళ మునిగిపోయే మొండి బండ అవుతుంది. మనం ఫొటో తీసేది ఈ కథలో ఏదో ఒక పేజీని. ఇంగ్లాండ్ దక్షిణ తీరంలో డర్డిల్ డోర్ ఉంది, అది తోరణం దశ. ఆస్ట్రేలియాలో గ్రేట్ ఓషన్ రోడ్డు పక్కన ట్వెల్వ్ అపోసల్స్ ఉన్నాయి, అవి స్తంభం దశ. పేరు పన్నెండని గానీ అక్కడ పన్నెండు ఎప్పుడూ లేవు.  ఉన్నవాటిలో కూడా 2005 జూలైలో ఒకటి కుప్పకూలింది.

కూలడం అంటే గుర్తొచ్చింది. మాల్టా దేశంలో గోజో దీవి దగ్గర అజ్యూర్ విండో అని ఒక పెద్ద రాతి తోరణం ఉండేది. 2017 మార్చి 8న తుఫాను గాలికి మొత్తం పడిపోయింది, పక్కనున్న స్తంభం కూడా మిగల్లేదు. అంతకు ముందురోజు దాకా ఫొటోలు తీసుకున్నవాళ్ళున్నారు. అందుకే నేను ఎవరైనా "ఆ రాయి ఎక్కడికి పోతుందిలెండి, వచ్చే ఏడాది వెళ్దాం" అంటే ఊరుకోను.

ఇంకో రకం రాళ్ళున్నాయి, లావా చల్లారుతూ ముడుచుకుని పగిలినప్పుడు ఏర్పడే పలకల స్తంభాలు. ఉత్తర ఐర్లాండ్‌లో జెయింట్స్ కాజ్‌వే, కర్ణాటక తీరంలో సెయింట్ మేరీస్ దీవులు, ఐస్‌లాండ్‌లో రెయ్నిస్‌ఫ్యారా, అన్నీ ఈ జాతే. వీటిలో వరస ఉంటుంది, లయ ఉంటుంది. పైగా తడిసినప్పుడు నల్లగా నిగనిగలాడతాయి. ఎండలో పొడిగా ఉన్నప్పుడు తీస్తే బూడిద రంగులో చచ్చినట్టుంటాయి. కాబట్టి ఇలాంటి చోట్లకి వాన పడిన వెంటనే వెళ్ళండి, నా మాట వినండి.

ఇసుకని మరీ తక్కువ చేశానేమో. ఇసుకలో కూడా చూసుకోవాల్సింది ఒకటుంది, రంగు కంటే ముఖ్యమైనది. రేణువు ఎంత సన్నంగా ఉంటే బీచ్ అంత చదునుగా ఉంటుంది. రేణువు లావుగా, గులకరాళ్ళలా ఉంటే ఒడ్డు నిటారుగా దిగిపోతుంది. ఎందుకంటే లావు ఇసుకలో నీళ్ళు వెంటనే ఇంకిపోతాయి, వెనక్కి లాక్కెళ్ళే బలం తగ్గి ఇసుక పైనే పేరుకుంటుంది. సన్న ఇసుక మీద నీళ్ళు పల్చని పొరలా నిలుస్తాయి. ఆ పొరే మన అద్దం. ఆకాశం కింద కూడా కనబడే ఫొటోలు చూశారు కదా, అవన్నీ సన్న ఇసుక, చదునైన ఒడ్డు ఉన్న చోట్లే. అల వెనక్కి వెళ్ళిన తర్వాత రెండు మూడు సెకన్లు ఆ అద్దం ఉంటుంది, తర్వాత మసకబారిపోతుంది. నిటారు ఒడ్డున అద్దం ఉండదు. అక్కడ అల ఒక్కసారిగా కాళ్ళ దగ్గరే విరుగుతుంది, దాని అందం వేరు, దాని ప్రమాదమూ వేరు.

రంగు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. హవాయిలో పాపకొలేయా బీచ్ ఆకుపచ్చగా ఉంటుంది, ఆలివిన్ అనే ఖనిజం వల్ల. కాలిఫోర్నియాలో ఫైఫర్ బీచ్ ఇసుకలో ఊదా చారలుంటాయి, కొండల్లోంచి కొట్టుకొచ్చే గార్నెట్ రేణువులవి. ఫొటోకి నల్ల ఇసుక అన్నిటికంటే ఉపకారి. తెల్లని నురగ దాని మీద ముగ్గు గీసినట్టు కనబడుతుంది. ఐస్‌లాండ్‌లో డైమండ్ బీచ్ అంటారే, అక్కడ జరిగేది ఇదే. హిమనదం విరిగి ఒక మడుగులో పడిన మంచుగడ్డలు సముద్రంలోకి వెళ్ళి, మళ్ళీ అలలతో ఒడ్డుకొచ్చి నల్ల ఇసుక మీద పడుంటాయి. ఒకరోజు వందలుంటాయి, ఇంకోరోజు ఒక్కటీ ఉండదు. ఆటుపోట్లూ గాలీ ఎటు తోస్తే అటు. ఒక్క జాగ్రత్త, నల్ల ఇసుక మీద కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ని నమ్మితే అది ఇసుకని బూడిద రంగు చేసి, నురగని వివరాలేవీ లేని తెల్ల మచ్చగా పేల్చేస్తుంది. ఎక్స్‌పోజర్, అంటే కెమెరాలోకి వెళ్ళే వెలుగు, కాస్త తగ్గించుకోండి. తెల్ల ఇసుకకి దీనికి తిరగబడి చేయాలి.

ఇక వెతకడం. ఎక్కువ వెతుకులాట ఇంట్లో కూర్చునే జరుగుతుంది. ఉపగ్రహ మ్యాపు తెరవండి. తీరం గీత వెంట వేలితో ప్రయాణం చేయండి. గీత సాఫీగా, స్కేలు పెట్టి గీసినట్టుంటే ముందుకెళ్ళిపోండి. గీత ఎక్కడ వంకర తిరిగిందో, ఎక్కడ పళ్ళు ఊడిన దువ్వెనలా ఉందో అక్కడ ఆగండి. ఒడ్డుకి దూరంగా నీళ్ళ మధ్యలో తెల్లటి చుక్కలు కనబడితే అక్కడ నీటి కిందో, కాస్త పైనో రాయి ఉందని గుర్తు, దాని మీద అల విరుగుతోంది. నది సముద్రంలో కలిసే చోట్లు కూడా వదలకండి. అక్కడ ఇసుక మేటలు పాములా మెలికలు తిరుగుతాయి. ఆస్ట్రేలియాలో వైట్‌హెవెన్ బీచ్ చివర హిల్ ఇన్‌లెట్ అలాంటిదే. కింద నిలబడితే ఏమీ తెలియదు, పక్కన గుట్టెక్కితే ఇసుకా నీళ్ళూ కలిసి పాలరాతి గీతల్లా కనబడతాయి. కాబట్టి మ్యాపులో ఎత్తులు కూడా చూడండి, పక్కన గుట్ట ఉందా, దాని మీదికి దారి ఉందా అని.

పాత ఉపగ్రహ చిత్రాలు చూసే వీలున్న మ్యాపులున్నాయి. కంప్యూటర్లో పైన గడియారం గుర్తు ఉంటుంది, నొక్కితే ఏళ్ళు వెనక్కి వెళ్ళొచ్చు. ఇది చాలామంది వాడరు. ఎందుకు చెప్తున్నానంటే, బీచ్ ఏడాదంతా ఒకలా ఉండదు. తుఫాన్ల కాలంలో పెద్ద అలలు ఇసుకని లోపలికి లాక్కెళ్ళిపోతాయి, అడుగున ఉన్న బండలు బయటపడతాయి. అలలు శాంతించాక అదే ఇసుక నెమ్మదిగా తిరిగొస్తుంది, బండలు పూడిపోతాయి. ఎవరో తీసిన ఫొటోలో అద్భుతమైన రాళ్ళు చూసి మీరు ఆరు నెలల తర్వాత వెళ్తే అక్కడ ఒట్టి ఇసుకే ఉండొచ్చు. రాళ్ళు ఎక్కడికీ పోలేదు, మీ కాళ్ళ కిందే ఉన్నాయి. నాకు ఈ అనుభవం రెండుసార్లు అయింది. రెండోసారి అయినందుకు సిగ్గుపడాలి.

మ్యాపులో ఇంకో సంగతి తేలుతుంది, తీరం ఏ దిక్కుకి చూస్తోందని. తూర్పు తీరం సూర్యోదయానికి, పడమటి తీరం సూర్యాస్తమయానికి అని అందరికీ తెలుసు. కానీ సూర్యుడు రోజూ సరిగ్గా తూర్పున ఉదయిస్తాడా? మనకి ఉత్తరాయణం, దక్షిణాయనం అని మాటలే ఉన్నాయి. ఆ రెండు కొసల మధ్య, భూమధ్యరేఖ ప్రాంతాల్లో సూర్యుడు తూర్పుకి అటు 23, ఇటు 23 డిగ్రీల చొప్పున జరుగుతాడు. ఐస్‌లాండ్ లాంటి చోట అది 60 డిగ్రీలు దాటిపోతుంది. అంటే దక్షిణానికి చూసే తీరంలో కూడా చలికాలంలో ఉదయం, సాయంత్రం రెండూ సముద్రం మీదే దొరకొచ్చు. అందుకే బీచ్‌కి ఒక నెల ఉంటుంది. ఇందాక చెప్పిన ఫైఫర్ బీచ్‌లో రాతికి ఒక చిన్న కంత ఉంది. డిసెంబరు, జనవరి రోజుల్లో మాత్రమే దిగిపోతున్న సూర్యుడి కిరణం ఆ కంతలోంచి దూరి ఇవతల నురగ మీద పడుతుంది. మిగతా పది నెలలు అది ఒట్టి కంత. డర్డిల్ డోర్ దగ్గర కూడా చలికాలపు ఉదయాల్లోనే తోరణం లోపలినుంచి సూర్యుడు కనబడతాడు. సూర్యుడు ఏ తేదీన ఏ దిక్కున లేస్తాడో మ్యాపు మీద గీత గీసి చూపించే యాప్‌లు ఉన్నాయి, వాటిలో తేదీ మార్చుకుంటూ పోతే సరైన వారం దొరుకుతుంది.

నా ఇష్టం అడిగితే, సూర్యుడు ఎదురుగా ఉండటం కంటే పక్కనుంచి రావడం మేలు. ఎదురుగా ఉంటే రాయి నల్లటి ముద్దగా మారుతుంది. పక్కనుంచి వస్తే రాతి మీద ప్రతి గీతా లేచి నిలబడుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మంచినీళ్ళు... థాంక్సండీ.

ఆటుపోట్లు. మీరు ఈ రోజు నేను చెప్పినవన్నీ మర్చిపోయి ఇదొక్కటి గుర్తు పెట్టుకున్నా నాకు చాలు. ఒకే బీచ్ పోటు వేళ ఒక బీచ్, ఆటు వేళ ఇంకో బీచ్. న్యూజిలాండ్‌లో మొయెరాకి అనే చోట గుండ్రటి బండలుంటాయి, కొన్ని రెండు మీటర్ల అడ్డం కూడా ఉంటాయి. సముద్రపు అడుగు బురదలో లక్షల ఏళ్ళపాటు గట్టిపడుతూ పెరిగిన గోళాలవి, ఒడ్డు కోసుకుపోయేకొద్దీ బయటికి దొర్లుతున్నాయి. పోటు నిండుగా ఉంటే చాలావరకు మునిగిపోతాయి. ఆటు బాగా దిగిపోతే పొడి ఇసుక మీద ఎవరో బంతులు పారేసినట్టుంటాయి. మధ్యలో ఒక దశ ఉంది, బండల చుట్టూ చీలమండ లోతు నీళ్ళుండి, అలలు వాటి మధ్య దారులు వెతుక్కుంటూ వచ్చే దశ. అదే ఫొటో. స్పెయిన్ ఉత్తర తీరంలో కేథడ్రల్స్ బీచ్ అని ఉంది, గుడి గోపురాల్లాంటి తోరణాల కింద నడవొచ్చు, అదీ ఆటు వేళే. పోటు వచ్చిందంటే అక్కడ బీచే ఉండదు, కొండకి నీళ్ళు తగులుతుంటాయి. ఒడిశాలో చాందీపూర్ దగ్గర ఆటు వేళ సముద్రం ఐదు కిలోమీటర్ల దాకా వెనక్కి పోతుంది. ఉదయం అలలు చూసి మధ్యాహ్నం వెళ్తే అలలే కనబడవు, కనుచూపు మేర తడి ఇసుక, మధ్యలో నీటి మడుగులు.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ తర్వాత ఆటుకీ మధ్య ఆరు గంటల పైచిలుకు. అందువల్ల రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్యకీ, పౌర్ణమికీ పోటు ఎక్కువ ఎత్తుకొస్తుంది, ఆటు ఎక్కువ లోతుకి దిగుతుంది. అష్టమి చుట్టుపక్కల రెండూ మందంగా ఉంటాయి. ఇంతవరకు తెలిసిందే.

చాలామందికి తెలియంది ఒకటి చెప్తాను. ఒక బీచ్‌లో పౌర్ణమికి ఆటు ఏ గంటకి వస్తుందో, వచ్చే అమావాస్యకీ, ఆపై పౌర్ణమికీ దాదాపు అదే గంటకి వస్తుంది. ఇది ఆ తీరానికి పుట్టుమచ్చ లాంటిది. ఉదాహరణకి ఒక బీచ్‌లో పౌర్ణమి ఆటు మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రి వస్తుందనుకోండి. అక్కడ సూర్యోదయానికి ఆటు కావాలంటే వారం ఆగాలి. వారం ఆగితే అష్టమి వస్తుంది, అప్పుడు ఆటు అంతగా దిగదు. అంటే ఆ బీచ్‌లో బాగా లోతు ఆటు, ఎర్రటి ఉదయం, రెండూ ఒకేసారి ఏ నెలలోనూ దొరకవు. మీరు ఎన్నేళ్ళు ఎదురుచూసినా అంతే. వంద కిలోమీటర్లు అవతల ఇంకో బీచ్‌లో ఆ గంట వేరుగా ఉండొచ్చు, అక్కడ ప్రతి పౌర్ణమికీ దొరుకుతాయి. నేను ఒక చోటికి నాలుగేళ్ళలో పదకొండుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ "ఈసారి నీళ్ళు ఇంకాస్త దిగితే బావుండు" అనుకుంటూ తిరిగొచ్చాను. తర్వాత ఒక ముసలి జాలరి నా బాధ చూసి నవ్వి, "పొద్దున పూట ఇక్కడ అది కనబడదయ్యా, మట్ట మధ్యాహ్నం రా" అన్నాడు. పదకొండు ప్రయాణాలు. ఒక పట్టిక ముందేసుకుని పది నిమిషాలు కూర్చుంటే తేలేది.

(సభలోంచి ఎవరో: మధ్యాహ్నం వెళ్ళారా మరి?)

వెళ్ళాను. మబ్బు పట్టిన రోజు చూసుకుని వెళ్ళాను, నలుపు తెలుపులో తీశాను. ఆ ఫొటో ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉంది.

ఇంకో లెక్క. పోటు వచ్చే ఆరు గంటల్లో మొదటి గంటా చివరి గంటా నీళ్ళు కదిలినట్టే ఉండవు. మధ్యలో ఉన్న రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. "ఇప్పటిదాకా ఏమీ పెరగలేదు కదా" అనుకుని బండ మీద నిలబడ్డవాళ్ళకి వెనక దారి మూసుకుపోయేది ఆ రెండు గంటల్లోనే. అందుకే నేను ఆటుకి రెండు గంటల ముందే దిగుతాను. నీళ్ళు వెనక్కి పోతుంటే వాటి వెంటే నడుస్తాను. నీళ్ళు మళ్ళీ తిరిగే సమయానికి నేనూ ఒడ్డు వైపు తిరుగుతాను. దీనివల్ల ఇంకో లాభం, దిగిపోయే నీళ్ళు ఇసుకని కడిగి అలికినట్టు వదిలిపెడతాయి, ఒక్క అడుగు గుర్తు ఉండదు. మీ అడుగులే మీరు పడకుండా చూసుకోండి. ఎప్పుడూ బీచ్ వెనక అంచు వెంబడి నడిచి, ఫొటో తీయాల్సిన వైపునుంచి కాకుండా పక్కనుంచి దిగండి. నేను ఎన్నిసార్లు నా చెప్పుల గుర్తుల్నే ఫొటోల్లోంచి చెరుపుకున్నానో లెక్కలేదు.

అన్ని తీరాలకీ ఇది వర్తించదు. కెనడాలో బే ఆఫ్ ఫండీ దగ్గర పోటు 16 మీటర్ల దాకా లేస్తుంది, ఐదంతస్తుల మేడంత. మధ్యధరా సముద్రంలో చాలా చోట్ల మూర కూడా లేవదు. అక్కడ పట్టిక పక్కన పెట్టి గాలి చూసుకోండి.

అలల గురించి చెప్పేటప్పుడు మాత్రం నేను నవ్వను. వాతావరణ సూచనలో "అలల ఎత్తు 2 మీటర్లు" అని రాస్తారు. ప్రతి అలా 2 మీటర్లే అని మనం అనుకుంటాం. నిజానికి ఆ అంకె, వచ్చిన అలలన్నిటిలో ఎత్తైన మూడో వంతుకి మాత్రమే సగటు. మొత్తం అలల్లో వెయ్యికి ఒకటి ఆ అంకెకి దాదాపు రెట్టింపు ఉంటుంది. పది సెకన్లకి ఒక అల చొప్పున వెయ్యి అలలు రావడానికి మూడు గంటలు కూడా పట్టదు. అంటే మీరు ఒక ఉదయం ఫొటోలు తీసే సమయంలో ఆ 4 మీటర్ల అల ఒకటి వచ్చి తీరుతుందనే లెక్కేసుకోవాలి. రెయ్నిస్‌ఫ్యారాలో మనుషులు చనిపోయింది ఇలాంటి అలలకే. వరసగా చిన్న అలలు వస్తుంటాయి, జనం ముందుకెళ్తారు, ఉన్నట్టుండి ఒకటి స్తంభాల దాకా వచ్చేస్తుంది. ఒడ్డు నిటారు కాబట్టి వెనక్కి లాక్కెళ్ళే జోరు కూడా ఎక్కువ. సూచనలో ఎత్తు పక్కన సెకన్ల అంకె ఒకటి ఉంటుంది, అలకీ అలకీ మధ్య ఎడం. అది 14, 15 ఉందంటే ఎక్కడో దూరపు తుఫానునుంచి బలం మోసుకొస్తున్న అలలవి. ఎత్తు తక్కువ కనబడ్డా నమ్మకండి.

నా పద్ధతి చెప్తాను. కెమెరా సంచి విప్పకుండా పావుగంట నిలబడి చూస్తాను. ఎంత పైకి తడిసిందో చూస్తాను. తడి గీతకి పైనే ట్రైపాడ్, అదే కెమెరా నిలబెట్టే మూడు కాళ్ళ స్టాండు. సముద్రానికి వీపు పెట్టను. ఒకసారి పెట్టాను, లెన్స్ మారుద్దామని సంచి మీదికి వంగాను. మోకాళ్ళ దాకానే వచ్చింది అల, అయినా నన్ను కూలేసింది, ట్రైపాడ్‌ని పట్టుకుపోయింది. కెమెరా దొరికింది గానీ ఉప్పునీళ్ళు తాగేసిన కెమెరా దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే.

తీయడం గురించి క్లుప్తంగా, ఎందుకంటే అది ఇంకో రోజు కథ. నీళ్ళు వెనక్కి జారేటప్పుడు దారాల్లా కనబడాలంటే షట్టర్ అర సెకను, ఒక సెకను తెరిస్తే చాలు. నిమిషాలు తెరిచిపెడితే నీళ్ళు పొగమంచు అవుతాయి. అది అప్పుడప్పుడు బావుంటుంది, ఎప్పుడూ అదే అయితే నాకు విసుగు. లెన్స్ ముందు పెట్టే నల్లద్దం ఎన్.డి. ఫిల్టర్ ఉంది, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. పది స్టాపులది వెలుగుని వెయ్యో వంతుకి తగ్గిస్తుంది, 1/30 సెకను కాస్తా 30 సెకన్లు దాటుతుంది. అల విరిగి చిమ్మే క్షణం కావాలంటే 1/1000 సెకను.

ఆకాశం తెల్లగా పేలిపోతోంది, సముద్రం నల్లగా వస్తోంది అని చాలామంది బాధపడతారు. ఇది ఇప్పటి జబ్బు కాదు. 1856, 57 ప్రాంతంలో గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సముద్రం ఫొటోలు తీశాడు. అప్పటి గాజు ప్లేట్లు నీలిరంగుకి మరీ త్వరగా స్పందించేవి, సముద్రానికి సరిపడా వెలుగిస్తే ఆకాశంలో మబ్బులు మాయం. ఆయన కొన్ని ఫొటోలకి ఆకాశానికి ఒక నెగటివ్, సముద్రానికి ఒక నెగటివ్ వాడి, రెండిటినీ హొరైజన్ గీత దగ్గర కలిపి ముద్రించాడు. ఈ రోజు మనం రెండు ఎక్స్‌పోజర్లు తీసి కంప్యూటర్లో కలిపితే "మోసం" అనే పెద్దమనుషులున్నారే, వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్ళని మంచినీళ్ళతో కడగండి. వద్దనుకుంటే ఇంకో ట్రైపాడ్‌కి డబ్బులు కూడబెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకమ్మాయి: జనం ఎక్కువగా వచ్చే పేరున్న బీచ్‌లకి అసలు వెళ్ళొద్దంటారా?)

వెళ్ళండమ్మా, పేరు ఊరికే రాదు. కాకపోతే అందరూ నిలబడే చోట ఒక్క ఫొటో తీసేసి, అక్కడినుంచి ఒక కిలోమీటరు అటో ఇటో నడవండి. అదే రాయి, అదే వెలుగు పక్కన కూడా ఉంటాయి, పార్కింగే ఉండదు.

(ఒకాయన: రాత్రిపూట తీయొచ్చా? నక్షత్రాలతో?)

తీయొచ్చు. కానీ తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరాలుంటాయి, ఆ కాలంలో ఒడ్డున టార్చి, ఫ్లాష్ వద్దు. వెలుతురు చూసి తల్లి తాబేలు వెనక్కి వెళ్ళిపోతుంది. పిల్లలైతే సముద్రం అనుకుని మీ టార్చి వైపే పాకుతాయి. అక్కడ మానేయడమే మంచిది. ఇంకో చోటయితే పగలే వెళ్ళి నడిచి చూసుకున్నాక రాత్రి వెళ్ళండి. ముందు చూడని బీచ్‌కి చీకట్లో మొదటిసారి వెళ్ళకండి.

(మరొకాయన: సార్, ఇంతా చెప్పారు, ఒక్క బీచ్ పేరయినా చెప్పండి.)

(నవ్వులు) అదేనయ్యా మొదలూ. సరే, పేరు చెప్పను, చూపిస్తాను. రేపు ఆటు పొద్దున 6:40కి, సూర్యోదయం 6 దాటాక. అంటే 4:40కల్లా కింద ఉండాలి. రాళ్ళ మీద నాచు ఉంటుంది, పట్టున్న చెప్పులు వేసుకోండి. తలకి కట్టుకునే టార్చి ఉంటే తెచ్చుకోండి, ఇక్కడ తాబేళ్ళ కాలం కాదిది. మబ్బు కాస్త ఉండేట్టుంది, పూర్తిగా పట్టేస్తే మన ఖర్మ. వచ్చేవాళ్ళు బయట నా దగ్గర పేర్లు ఇచ్చి వెళ్ళండి, దారి చెప్తాను. ఇక లైట్లు తీసేయండి, స్లైడ్లు చూద్దాం.